జంతుకథల్లో నీతి ఎవరి పక్షం?

తొమ్మిదో తరగతిలో ఆవు-పులి కథ చెబుతున్నాను. 15వ శతాబ్దపు కవి అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన కథ అది. అడవిలో పులికి చిక్కిన ఆవు, ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న పసిదూడకు పాలిచ్చి తిరిగి వస్తానని మాట ఇస్తుంది. వెళ్లి దూడకు కడుపునిండా పాలిచ్చి, నాలుగు బుద్ధులు చెప్పి, అన్న మాట ప్రకారం వచ్చి పులి ఎదుట నిలబడుతుంది. పులి మనసు కరిగి వదిలేస్తుంది. కథ ముగించి సత్యవాక్య పరిపాలన గురించి చెప్పబోతుండగా వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, “పులి ఏమన్నా మాట ఇచ్చిందా సార్?” అని అడిగాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, కూర్చోమన్నాను. ఆ కుర్రాడి తండ్రి కౌలు రైతు. పంట పోయిన ఏడు కూడా అప్పుచేసి, అన్న మాట ప్రకారం కౌలు కట్టివచ్చినవాడు. ఆ సంగతి నాకు తెలుసు. సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే నవ్వు పోయి ప్రశ్న మిగిలింది.

జంతుకథను పిల్లల కాలక్షేపమని కొట్టిపారేసేవాళ్లు కొందరు. అందులోని నీతిని కాలాతీత సత్యంగా కళ్లకద్దుకునేవాళ్లు మరికొందరు. ఈ రెండు దృష్టులూ ఒక విషయాన్ని వదిలేస్తాయి. జంతువు నోట పలికే నీతి మనిషి అల్లిన నీతి. అది ఎవరిని ఏమి చెయ్యమంటోంది, ఎవరిని ఏమీ అడగకుండా వదిలేస్తోంది అన్నదే విమర్శకుడు చూడవలసింది.

ముందు ప్రతీకల సంగతి చూద్దాం. పాము ఒకటే. బైబిలు ఆదికాండంలో అది తొలి స్త్రీని మోసపుచ్చి శాపం పొందింది. బౌద్ధంలో ముచలిందుడనే నాగరాజు, జ్ఞానోదయం పొందిన బుద్ధుడు వానలో తడవకుండా పడగ పట్టాడు. జైనుల 23వ తీర్థంకరుడు పార్శ్వనాథుడి లాంఛనమే పాము. మన ఊళ్లలో నాగులచవితినాడు పుట్టలో పాలుపోసిన రైతే మర్నాడు చేలో పాము కనిపిస్తే కర్ర అందుకుంటాడు. ప్రతీకకు అర్థం జంతువు స్వభావంలో లేదన్నమాట. ఆ జంతువుతో, ఒకరితో ఒకరు మనుషులు పెట్టుకున్న సంబంధంలో ఉంది.

సింహమూ అంతే. అది రాజుల గుర్తు. రాజ్యం వదిలి భిక్షాపాత్ర పట్టినవాణ్ణి బౌద్ధులు శాక్యసింహుడన్నారు, ఆయన బోధను సింహనాదమన్నారు. రాజుల గుర్తును లాక్కుని భిక్షువుకిచ్చారు. తర్వాత అశోకుడు సారనాథ్ స్తంభం మీద నాలుగు సింహాలను నిలిపాడు. ఆ శిల్పమే 1950 జనవరి 26న మన గణతంత్ర రాజ్యానికి రాజముద్ర అయింది. గుర్తు ఎటు నుంచి ఎటు ప్రయాణించిందో గమనించండి.

ఇక నీతి. దీన్ని పరీక్షించడానికి ఒకే ఇతివృత్తం మీద నడిచిన రెండు కథలు తీసుకుందాం. ఆ ఇతివృత్తం వంతు. బలవంతుడు అందర్నీ ఒక్కసారిగా చంపకుండా రోజుకొకరు వంతు ప్రకారం వచ్చి చావాలన్న ఒప్పందం.

పంచతంత్రంలోని మిత్రభేదంలో సింహం దగ్గరికి జంతువులు వంతులవారీగా వెళుతుంటాయి. కుందేలు వంతు వచ్చినప్పుడు అది ఆలస్యంగా వెళ్లి, నూతిలో నీడను చూపించి, సింహాన్ని దాంట్లోకి దూకిస్తుంది. బలహీనుడి తెలివి గెలిచిందని మనం సంతోషిస్తాం. సంతోషించవలసిందే. కాని ఆ కథను ఎవరు చెప్పారో మరిచిపోకూడదు. దమనకుడనే నక్క, సింహానికీ ఎద్దుకూ ఉన్న స్నేహాన్ని చెరిచి తన కొలువు నిలబెట్టుకోవడానికి పన్నాగం పన్నుతూ కరటకుడికి చెప్పిన కథ అది. ఆ మొత్తం గ్రంథం విష్ణుశర్మ రాజకుమారులకు చేసిన బోధ. అడవి ప్రజల ఆయుధం కొలువులో మంత్రి ఆయుధంగా మారింది. నీతి అన్న మాటకు అక్కడ మంచి అని అర్థం కాదు, రాజనీతి అని అర్థం.

పాళీ జాతకాలు 547. వాటిలో 12వది నిగ్రోధమృగ జాతకం. అక్కడా వంతే. కాశీరాజుకు వేట పిచ్చి. ఆ వేటకోసం జనం పనులు మానుకుని పోవలసి వచ్చేది. వాళ్లు విసిగిపోయి జింకలను రాజోద్యానంలోకి తోలి తలుపు వేశారు. బాణాలకు గాయపడి బెదిరి చావడంకన్నా రోజుకొకటి వెళ్లి చావడం మేలని జింకల రెండు మందలూ వంతులు పెట్టుకున్నాయి. ఒకనాడు చూలు జింక వంతు వచ్చింది. ఈని వస్తానని అది తన మంద నాయకుణ్ణి వేడుకుంటే వీల్లేదన్నాడు. రెండో మంద నాయకుడు నిగ్రోధుడు, బోధిసత్త్వుడు, దానికి బదులుగా వెళ్లి తానే మెడ వాల్చాడు. రాజు ఆశ్చర్యపోయి నీకూ ఆమెకూ అభయమిచ్చానన్నాడు.

మామూలు నీతికథ ఇక్కడ ఆగిపోతుంది. ఆవు-పులి కథ ఇక్కడే ఆగింది. నిగ్రోధుడు ఆగలేదు. మా ఇద్దరి ప్రాణాలూ దక్కాయి, మిగిలినవాటి మాటేమిటని అడిగాడు. ఉద్యానంలోని జింకలకు అభయం దొరికాక బయటి జింకల సంగతి, ఆపైన నాలుగు కాళ్ల జంతువుల సంగతి, పక్షుల సంగతి, చేపల సంగతి ఒక్కొక్కటే అడిగి సాధించాడు. దయను దయగా పుచ్చుకుని ఇంటికి పోకుండా దాన్ని అందరి హక్కుగా మార్చమన్నాడు.

అంతటితోనూ అయిపోలేదు. అభయం పొందిన జింకలు రైతుల చేలమీద పడ్డాయి. రాజాజ్ఞ ఉంది గనుక రైతులు కర్ర ఎత్తడానికి లేదు. అప్పుడు నిగ్రోధుడు తన జాతిని పిలిచి పరాయి పంట తినవద్దని కట్టడి చేశాడు. రైతులు చేనిగట్టున ఆకులు గుర్తుగా కడితే చాలు, జింకలు దాటవన్నాడు. కరుణ పేరుతో చేసిన శాసనం భారం ఎవరి పంటమీద పడుతుందో ఈ కథకుడికి తెలుసు. ఇన్ని జంతుకథల్లో రైతును జ్ఞాపకం పెట్టుకున్న కథ ఇది.

ఈ స్వరం బౌద్ధానికి మాత్రమే సొంతం కాదు. జైనుల నేమినాథుడు తన పెళ్లివిందుకోసం దొడ్డిలో కట్టేసిన జంతువుల అరుపులు విని పెళ్లి మానుకుని వెళ్లిపోయాడు. దాహంతో నాలుక చాచిన కుక్కకు బావినీళ్లు తోడి పోసిన వేశ్య పాపాలు క్షమించబడ్డాయని ఇస్లాం సంప్రదాయం చెబుతుంది. లోకం వెలివేసిన స్త్రీకి మోక్షం దొరికింది ఒక మూగజీవి వల్ల. దీనికి ఎదురుగా మనుస్మృతి 11వ అధ్యాయం పెట్టి చూడండి. పిల్లి, ముంగిస, కప్ప, కుక్క, ఉడుము, గుడ్లగూబ, కాకి వంటివాటిని చంపితే శూద్రుణ్ణి చంపినందుకు చెప్పిన ప్రాయశ్చిత్తమే చేసుకోవాలంటుందది. ఒక చోట జంతువు మనిషిని పైకెత్తింది. ఇంకో చోట మనిషిని దించడానికి జంతువు కొలబద్ద అయింది.

పుట్టుకనుబట్టి గౌరవం అన్న ఆ సూత్రాన్నే తిత్తిర జాతకం నేరుగా ఎదుర్కొంది. సంఘంలో మొదటి ఆసనం ఎవరికి చెందాలని బుద్ధుడు అడిగితే భిక్షువుల్లో కొందరు క్షత్రియ కులంనుంచి వచ్చినవాడికన్నారు, కొందరు బ్రాహ్మణ కులంనుంచి వచ్చినవాడికన్నారు. ఆయన ఏనుగు, కోతి, తిత్తిరిపిట్ట కథ చెప్పాడు. మర్రిచెట్టు కింద ఈ మూడూ ఎవరు పెద్దో తేల్చుకున్నాయి. చెట్టు కొన తన పొట్టకు తగిలేదని ఏనుగు, నేలమీద కూర్చునే దాని చిగుళ్లు తిన్నానని కోతి చెప్పాయి. ఆ చెట్టు విత్తనాన్ని ఇక్కడ వేసిందే తానని చెప్పింది పిట్ట. మిగిలిన రెండూ దానికి మొక్కాయి. భూటాన్ గోడలమీద ఇప్పటికీ ఏనుగుమీద కోతి, కుందేలు, పిట్ట ఎక్కిన బొమ్మగా ఈ కథ కనిపిస్తుంది.

అయితే బౌద్ధాన్ని ఆకాశానికెత్తి ఊరుకోవడం విమర్శ కాదు. జంతువుగా పుట్టడం పూర్వకర్మ ఫలమనే అదీ చెప్పింది. ఆ లెక్కను మనుషుల పుట్టుకకు వర్తింపజేస్తే పేదరికానికి సమర్థన తయారవుతుంది. శశ జాతకంలో అతిథికి పెట్టడానికి ఏమీ లేని కుందేలు తానే నిప్పుల్లో దూకుతుంది. ఇంద్రుడి మహిమవల్ల నిప్పు కాల్చలేదంటారు. బతుకులో నిప్పు కాలుస్తుంది. ఏమీ లేనివాడు ఒంటిని అర్పించడమే ఉత్తమ దానమని బోధిస్తే లాభం ఎవరికో చెప్పనక్కరలేదు.

రాజ్యం చేతికి వెళ్లాక ఈ కరుణ ఏమైందో చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల దగ్గరికి పోవాలి. వంటశాలలో ఒకప్పుడు లక్షలాదిగా చచ్చే జంతువులు ఇప్పుడు రెండు నెమళ్లకూ ఒక జింకకూ తగ్గాయని, ముందుముందు అవీ ఉండవని అశోకుడు మొదటి శాసనంలో చెక్కించాడు. గొప్ప మాటే. కాని 13వ శాసనంలో అదే చక్రవర్తి అటవిక జనాన్ని, పశ్చాత్తాపపడి దారికి రండి, లేకపోతే నాకు శక్తి ఉందని హెచ్చరించాడు. అడవి జింకకు దొరికిన అభయం అడవి మనిషికి షరతులమీద దొరికింది.

దీనికి విరుగుడు కూడా బౌద్ధ సాహిత్యంలోనే ఉంది. కూటదంత సుత్తంలో యజ్ఞం చెయ్యబోయిన రాజుకు పురోహితుడు ఇచ్చిన సలహా వేరు. రైతులకు విత్తనాలివ్వు, వర్తకులకు పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాళ్లకు జీతాలివ్వు, దేశం దానంతట అదే కుదుటపడుతుందన్నాడు. ఆ తర్వాత జరిగిన యజ్ఞంలో పశువు తెగలేదు, చెట్టు కూలలేదు, పనివాళ్లు ఏడుస్తూ పని చెయ్యలేదు. పశువు మీద కరుణ, మనిషి కూటికి భరోసా అక్కడ విడివిడిగా లేవు.

అమరావతి శిల్పి ఈ మర్మాన్ని పట్టుకున్నాడనిపిస్తుంది. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న గుండ్రటి ఫలకంలో నాలాగిరి అనే మదపుటేనుగు వీధిలో మనుషుల్ని తొక్కుతోంది, జనం బెదిరి ఒకరినొకరు పట్టుకున్నారు. ఆ పక్కనే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. వంగవలసింది ఎవరో ఆ రాతిలో స్పష్టంగా ఉంది. కాళ్లకింద పడ్డవాళ్లు కాదు.

మర్నాడు క్లాసులో, నువ్వు అడిగింది సబబే, పులి ఏ మాటా ఇవ్వలేదని ఆ కుర్రాడికి చెప్పాను. ఆవు కథను తప్పుపట్టలేదు. మాట నిలబెట్టుకోవడం మంచిదే, కాని ఒక్కవైపు నుంచే మాట తీసుకునే ఒప్పందాన్ని ధర్మమనకూడదన్నాను. తర్వాత నిగ్రోధమృగం కథ చెప్పాను. అంతా విని వాడు, “ఆకులు కడితే జింకలు నిజంగా ఆగాయా సార్?” అని అడిగాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. “కథలో ఆగాయిరా. మన చేనికి కంచె మనమే వేసుకోవాలి” అన్నాను.