మీకు తెలుసా? కోచ్‌ను మార్చినా హైదరాబాద్ అట్టడుగునే నిలిచింది

ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ తన తొలి సీజన్ మధ్యలోనే, 2020 జనవరిలో, ఇంగ్లండ్‌కు చెందిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సాగనంపింది. ఆయన హయాంలో 12 మ్యాచ్‌లకు 5 పాయింట్లు వచ్చాయి; ఆయన వెళ్లాక 6 మ్యాచ్‌లకే మరో 5. మార్పు ఫలించినట్టే కదా అనవచ్చు. కానీ ఆ ఆరింటిలో గెలిచింది ఒక్కటే. పట్టికలో తమకు కాస్త పైనున్న నార్త్ఈస్ట్ యునైటెడ్‌పై 5-1తో నెగ్గిన చివరి మ్యాచ్ అది. జట్టు మాత్రం అట్టడుగు స్థానం నుంచి కదలలేదు. సీజన్ నడుమ వచ్చే కోచ్‌కు ఆటగాళ్లను ఎంచుకునే వీలు తక్కువ, సాధనకు వ్యవధీ తక్కువే. అందుకే ఫలితాన్ని నిర్ణయించేది కొత్త పేరు కాదు, క్లబ్ పునాది అని నా అభిప్రాయం.

అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్ కోచ్ ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్లిపోతే ఆ స్థానంలో మనోలో మార్కెజ్ వచ్చారు. ఆయనకు సీజన్ ముందు కొన్ని వారాలు దొరికాయి, పైగా యువ ఆటగాళ్లపై క్లబ్ నమ్మకం ఉంచింది. తొలి ఏడాది అయిదో స్థానం, 2022 మార్చిలో ఏకంగా టైటిల్! గొప్పతనమంతా మార్కెజ్‌దేనంటే పూర్తిగా ఒప్పుకోలేం. 2023-24లో కోచ్ కోనర్ నెస్టర్ సీజన్ మధ్యలో వెళ్లిపోయాక పగ్గాలు పట్టిన థాంగ్‌బోయ్ సింగ్టో మార్కెజ్‌కు సహాయకుడిగా పనిచేసినవారే, ఆ పద్ధతులు తెలిసినవారే. అయినా జీతాల బకాయిలతో చాలామంది విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోగా, సీజన్ మొత్తం 22 మ్యాచ్‌లలో దక్కిన విజయం ఒక్కటే.