తీరంలో గ్యాస్‌ శుద్ధి.. చేలో యూరియా
కోస్తా ఆందోళనలతో మనకేమి సంబంధం?

హుస్నాబాద్‌: ఈ ప్రాంత రైతులు వరి, మక్క, పత్తి చేలకు చల్లే యూరియాకూ, వందల కిలోమీటర్ల దూరంలోని గోదావరి సముద్రంలో కలిసే తీరానికీ దగ్గరి సంబంధం ఉంది. రామగుండం ఎరువుల కర్మాగారానికి ముడిసరుకు సహజవాయువు. దానిని తెచ్చే పైపులైను కోస్తా వైపు నుంచే వస్తుంది. అందువల్ల తీరంలో గ్యాస్‌ శుద్ధి కేంద్రాలను ప్రతిపాదించినప్పుడు, విస్తరించినప్పుడు అక్కడి ప్రజలు లేవనెత్తే ప్రశ్నలు ఇక్కడివారికీ పరాయివి కావు.

బొగ్గు నుంచి గ్యాస్‌కు..

రామగుండంలో 1980లో ఉత్పత్తి ప్రారంభించిన పాత ఎరువుల కర్మాగారం బొగ్గుతో నడిచేది. నష్టాల కారణంగా 1999లో మూతపడింది. దాని స్థానంలో నిర్మించిన రామగుండం ఫెర్టిలైజర్స్‌ అండ్‌ కెమికల్స్‌ లిమిటెడ్‌ (ఆర్‌ఎఫ్‌సీఎల్‌) 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించగా, 2022 నవంబరు 12న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారీ దీని సామర్థ్యం. సహజవాయువు నుంచి హైడ్రోజన్‌ను వేరుచేసి, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియాగా మారుస్తారు. దానిని బొగ్గుపులుసు వాయువుతో కలిపితే యూరియా తయారవుతుంది.

ఇందుకోసం ఆంధ్రప్రదేశ్‌లోని కుంచనపల్లి నుంచి రామగుండం వరకు 360 కిలోమీటర్లకు పైగా పైపులైను వేశారు. ఎరువుల పరిశ్రమకు దిగుమతి గ్యాస్‌ను కూడా కలిపి సరఫరా చేస్తున్నందున వచ్చేదంతా గోదావరి తీరం గ్యాసేనని చెప్పలేము. అయినా సరఫరాలోనో, కర్మాగారంలోనో అంతరాయం కలిగితే దాని ప్రభావం పల్లెలకు చేరుతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు బారులు తీరినప్పుడు రామగుండంలో ఉత్పత్తి నిలిచిపోవడం కూడా ఒక కారణమని రాష్ట్ర ప్రభుత్వం పేర్కొంది.

శుద్ధి ఎందుకు?

సముద్ర గర్భం నుంచి వెలువడే గ్యాస్‌ నేరుగా వాడకానికి పనికిరాదు. దానితో పాటు నీరు, తేమ, ద్రవరూపంలోని చమురు పదార్థాలు వస్తాయి. తీరంలోని కేంద్రంలో వీటిని వేరుచేసి, గ్లైకాల్‌ అనే ద్రావణం ద్వారా తేమను తొలగించి, ఒత్తిడి పెంచి పైపులైనులోకి పంపుతారు. తాళ్లరేవు మండలం గాడిమొగ, అల్లవరం మండలం ఓడలరేవుల్లో ఇటువంటి కేంద్రాలున్నాయి. గాడిమొగ కేంద్రానికి 2009 ఏప్రిల్‌లో గ్యాస్‌ రాక మొదలైంది.

వేరుచేసిన నీటిలో లవణాలు, చమురు అవశేషాలు ఉంటాయి. సరిగా శుద్ధి చేయకుండా వదిలితే కాలువలు, చేపలు, రొయ్యలు దెబ్బతింటాయి. సముద్రంలోని గ్యాస్‌ వేదికల చుట్టూ 500 మీటర్ల మేర రక్షణ పరిధిలోకి పడవలను రానివ్వరు. దీంతో వేటకు చోటు తగ్గుతోందన్నది మత్స్యకారుల ఆవేదన.

గాడిమొగకు సమీపంలోనే కోరంగి అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి మడ అడవులు తుపాను అలల ఉద్ధృతిని తగ్గిస్తాయి. చేపలు, రొయ్యలు పిల్లలుగా పెరిగేది వీటి వేళ్ల మధ్యనే. ఒకసారి నరికితే అంత సులభంగా తిరిగి రావు.

గ్యాస్‌ తోడివేతతో డెల్టా భూమి కుంగుతోందన్న భయమూ కోనసీమలో ఉంది. అయితే ఇందుకు గ్యాస్‌ ఒక్కటే కారణమని తేల్చలేము. శ్రీరామసాగర్‌ సహా గోదావరిపై కట్టిన జలాశయాలు ఒండ్రును ఆపివేయడం వల్ల కూడా డెల్టాకు కొత్త మట్టి చేరడం తగ్గింది.

నగరం నేర్పిన పాఠం

పాశర్లపూడి వద్ద 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగసిన మంటలు 65 రోజులకు గానీ అదుపులోకి రాలేదు. కోనసీమలోనే నగరం గ్రామంలో 2014 జూన్‌ 27 తెల్లవారుజామున గెయిల్‌ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. పొడి గ్యాస్‌ కోసం ఉద్దేశించిన పైపులో తేమతో కూడిన గ్యాస్‌ పంపడంతో లోపల తుప్పు పట్టిందని, తేమ తొలగించే యంత్రాన్ని ఏర్పాటు చేయలేదని విచారణలో తేలింది. అంటే శుద్ధి కేంద్రం వల్ల కొన్ని నష్టాలు ఉండగా, శుద్ధి జరగకపోవడం అంతకు మించిన ప్రమాదమైంది.

చట్టం ఏమి చెబుతోంది?

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం గ్యాస్‌ వెలికితీత ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. అయితే 2020 జనవరిలో చేసిన సవరణతో అన్వేషణ దశకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. గ్యాస్‌ ఉందో లేదో చూసే బావి తవ్వేటప్పుడు ఊరివారి మాట వినే వేదిక లేదన్నమాట.

పైపులైను పోయే పొలాలకు 1962 నాటి చట్టం వర్తిస్తుంది. భూమిపై యాజమాన్యం రైతుదే. కానీ పైపు పోయే పట్టీలో ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్లు నాటరాదు. నోటిఫికేషన్‌ వెలువడిన 21 రోజుల్లోగా అభ్యంతరం తెలపాలి. పంట నష్టంతో పాటు భూమి మార్కెట్‌ విలువలో 10 శాతం పరిహారం చెల్లించాలి. గడువు తెలియక అభ్యంతరం చెప్పలేకపోతే ఆ తర్వాత మిగిలేది పరిహారంపై వాదన మాత్రమే.

గౌరవెల్లి జలాశయం కింద గుడాటిపల్లిని కోల్పోయిన ప్రాంతమిది. అందరికీ మేలు చేసే ప్రాజెక్టు కొందరి ఊరిని ఎలా తీసుకుంటుందో ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కర లేదు. ఎరువు కావాలి, అందుకు గ్యాస్‌ కావాలి. అయితే తేమ తీసే యంత్రం పనిచేయక ముందే గ్యాస్‌ వదలరాదని, బయటికి వదిలే నీటి పరీక్ష ఫలితాలు పంచాయతీ గోడపై పెట్టాలని తీరప్రజలు అడిగితే అది ఎరువుకు అడ్డు చెప్పడం కాదు. పైపు తీరంలోనే కాక మధ్యలోని చేలలోనూ ఉంది. ఆ జాగ్రత్త అక్కడ ఎంత అవసరమో ఇక్కడా అంతే అవసరం.