క్లాడ్ బస్టర్: ఇరుసు మీద మోటారు, చాసిస్ మీద చిల్లులు

ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక రిమోట్ మాన్‌స్టర్ ట్రక్కు విప్పి పెడితే, వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: "మోటార్లు రెండూ ఇరుసుల మీదే ఉన్నాయి కదా సార్, ఇక చాసిస్‌కి పనేముంది?" బ్యాటరీ మోయడానికి అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మార్కెట్లో ఈ బండికి విడిగా అమ్మే చాసిస్ కిట్లలో ఏది కొనాలో తేల్చేది ఆ ప్రశ్నే.

బండి పేరు క్లాడ్ బస్టర్. జపాన్ కంపెనీ తమియా 1987లో తెచ్చింది. అమెరికాలో సెయింట్ లూయిస్‌కు చెందిన బాబ్ చాండ్లర్ 1981లో తన బిగ్‌ఫుట్ ట్రక్కును పాత కార్ల మీంచి తోలి జనానికి వెర్రెక్కించాడు. ఆ వెర్రి బొమ్మలకూ పాకింది. అసలు బండిలో పదో వంతు సైజు, షెవర్లే పికప్ బాడీ, బాడీని మింగేసేలా టైర్లు, నాలుగు చక్రాలూ తిరిగే స్టీరింగ్. ఇవన్నీ చూడ్డానికి. నాకు నచ్చింది మాత్రం లోపలి సంగతి: ముందు ఇరుసుకో మోటారు, వెనక ఇరుసుకో మోటారు. మధ్యలో షాఫ్టే లేదు.

షాఫ్ట్ లేకపోతే ఏమిటి లాభం? డ్రిల్లింగ్ మెషిను బిట్టు గోడలో ఇరుక్కుంటే మెషినే మన చేతిలో మెలితిరుగుతుంది. షాఫ్ట్ ఉన్న ట్రక్కులోనూ అదే జరుగుతుంది. చాసిస్‌లోని మోటారు పొడుగాటి షాఫ్టును తిప్పుతుంటే, ఇరుసు ఆ షాఫ్ట్ చుట్టూ ఒక పక్కకు ఒరగాలని చూస్తుంది, చాసిస్ రెండో పక్కకు. ఒక టైరు నేలను గట్టిగా నొక్కుతుంది, రెండోది తేలిపోతుంది. యాక్సిలరేటర్ నొక్కగానే బండి ఓ పక్కకు లాగేస్తుంది. క్లాడ్ బస్టర్‌లో మోటారు ఇరుసుకు సమాంతరంగా పడుకుని ఉంటుంది కాబట్టి ఈ పక్కవాటు మెలిక పుట్టదు.

అలాగని ప్రతిచర్య మాయమైపోదు, దారి మార్చుకుంటుంది. చక్రం ముందుకు దొర్లితే ఇరుసు పెట్టె వెనక్కి దొర్లాలని చూస్తుంది. దాన్ని దొర్లనివ్వకుండా పట్టుకునేవి లింకులు, అంటే ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య పైనా కిందా ఉండే కడ్డీలు. ఆ లింకులను పట్టుకునేది చాసిస్. అమ్మాయి ప్రశ్నకు జవాబు అదే.

ఎంత బలం పడుతుందో లెక్క చూడండి. ఇరుసు మధ్యభాగం నేలకు 80 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఇరుసు దగ్గర పై లింకు 100 మి.మీ. ఎత్తున, కింది లింకు 70 మి.మీ. ఎత్తున బిగించారు. వెనక టైర్లు నేలను తన్ని ఒక కిలో బరువంత తోపుతో బండిని ముందుకు నెడుతున్నాయి. టైరు నేలను తాకే చోటు నుంచి మొమెంట్లు తీస్తే కింది లింకు మీద దాదాపు 3.3 కిలోల నొక్కుడు, పై లింకు మీద 2.3 కిలోల లాగుడు వస్తాయి. బండిని నెట్టేది కిలో, లింకు మోసేది మూడు కిలోల పైన! ప్లాస్టిక్ లింకులు ఎందుకు వంగుతాయో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు రెండు లింకుల మధ్య ఎడం పెంచి, పైది 110 దగ్గర, కిందిది 65 దగ్గర బిగించండి. కింది లింకు మీద బరువు 2.4 కిలోలకు దిగుతుంది. కొత్త లోహం ఏమీ కలపలేదు, చిల్లు జరిపాం, అంతే.

ఇక చాసిస్ వైపు చిల్లుల సంగతి. వెనక ఇరుసు నుంచి చాసిస్ వైపు వెళ్తూ కింది లింకు కొంచెం పైకి, పై లింకు కొంచెం కిందికి వాలి ఉంటే, కిందిది చాసిస్‌ను పైకి నెడుతుంది, పైది పైకి లాగుతుంది. బండి ఒక్కసారిగా ముందుకు దూకేటప్పుడు వెనక భాగం కూలబడకుండా ఆగుతుంది. పోటీల వాళ్ళు దీన్నే యాంటీ స్క్వాట్ అంటారు. సరిగ్గా అదే అమరికను ముందు ఇరుసుకు తిప్పి పెడితే, అక్కడ కింది లింకు లాగుతుంది, పై లింకు నెడుతుంది, రెండూ కలిసి ముక్కును కిందికి దించుతాయి. ఒకే డ్రాయింగ్, వెనక ఎత్తుతుంది, ముందు దించుతుంది! నాకు ఈ బండిలో ఇంతకంటే అందమైన విషయం కనపడలేదు. వాలు మరీ ఎక్కువైతే మాత్రం యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా వెనక టైర్లు గంతులేస్తాయి. అందుకే మంచి కిట్లలో ప్రతి లింకుకూ ఒక చిల్లు కాదు, వరసగా కొన్ని చిల్లులు ఉంటాయి.

తమియా ఇచ్చిన అసలు చాసిస్ చెడ్డదేం కాదు, ప్లాస్టిక్ ఒరిజినల్స్ ఇప్పటికీ పరుగెడుతున్నాయి. కానీ దాని స్టీరింగ్ సర్వో, అంటే చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు, చాసిస్‌లో కూర్చుని పొడుగాటి కడ్డీలతో ముందు, వెనక చక్రాలను రెంటినీ తిప్పుతుంది. ఇరుసు పైకీ కిందికీ ఊగినప్పుడల్లా ఆ కడ్డీ చక్రాన్ని తనే కాస్త తిప్పేస్తుంది. రాయి ఎక్కితే చాలు, బండి మన మాట వినదు. కొత్త చాసిస్ కట్టేవాళ్ళు సర్వోను నేరుగా ఇరుసు మీదికి మార్చేది అందుకే. క్లాడ్‌జిల్లా, రెగ్యులేటర్ లాంటివి ఇలా విడిగా అమ్మే చాసిస్ కిట్లే.

పదార్థం గురించి జనం అనవసరంగా ఎక్కువ వాదిస్తారు. కార్బన్ ఫైబర్ ప్లేటు తేలిక, బిగువు, కానీ అది వంగదు, పగులుతుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది. కార్బన్‌లో కరెంటు పారుతుంది కాబట్టి బ్యాటరీ వైరు దాని అంచుకు రాసుకోకూడదు. రిసీవర్ యాంటెన్నాను రెండు కార్బన్ ప్లేట్ల మధ్య దాస్తే సిగ్నల్ తగ్గుతుంది. ప్లేటును ఆకురాయితో అరగదీయాల్సి వస్తే తడిపి అరగదీయండి, మాస్కు పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1989లో బిగ్‌ఫుట్ 8 గొట్టాల చాసిస్‌తో వచ్చాక అసలు ట్రక్కులే కమాన్ కట్టలను వదిలేయడం మొదలుపెట్టాయి, బొమ్మలూ వెనకే నడిచాయి. తమియాయే తన టీఎక్స్‌టీ-1లో రెండు మోటార్లనూ మధ్యకు తెచ్చి షాఫ్టులు పెట్టింది. 2020లో వచ్చిన లోసీ కంపెనీ ఎల్ఎంటీ కూడా షాఫ్ట్ బండే. షాఫ్ట్ పక్షం వాళ్ళకో న్యాయమైన వాదన ఉంది: మోటారు బరువు ఇరుసు మీద ఉంటే స్ప్రింగు ఆ బరువును మోయదు, గతుకుల్లో ఇరుసు ఎక్కువ ఎగురుతుంది. నిజమే. అయినా నేను క్లాడ్ పక్షమే. ఇరుసు ఎగిరితే షాకుల్లో నూనె మార్చి కొంత సర్దుకోవచ్చు, షాఫ్ట్ మెలికను వదిలించుకోవడం అంత తేలిక కాదు.

మీరు కొనేటట్టయితే ప్లేటు మెరుపు చూడకండి. లింకులకు ఎన్ని చిల్లులున్నాయో, ఇరుసు దగ్గర పై కింది లింకుల మధ్య ఎంత ఎడం వస్తుందో, సర్వోను ఇరుసు మీద బిగించే బ్రాకెట్ కిట్‌లోనే ఉందో లేదో అమ్మేవాణ్ని అడగండి. బ్యాటరీ కిందికి దిగుతుందో లేదో కూడా చూడండి. ఆ కొలతలు చెప్పలేని దుకాణంలో కొనకండి.