మనవాళ్ల మెడికల్ కంపెనీలో దుడ్డు పెట్టేముందు

బాగలూరు దారిలోనో, సూళగిరి పక్కనో నేల అమ్మిన ఇంటికి సలహాలకు కొదవ ఉండదు. చీటీ, బంగారం, ఇంకో సైటు. వీటికి తోడు బెంగళూరు వైపునుంచి ఇంకో మాట కూడా వస్తుంది: "మనవాళ్ల అబ్బాయే, మెడికల్ కంపెనీ పెట్టినాడు. రక్తపరీక్ష మిషను చేస్తున్నాడు. షేర్లు ఇప్పుడే తీసుకుంటే మంచిది." అబ్బాయి చదువుకున్నవాడు, మాట నెమ్మది, పైగా తెలుగువాడు. ఇవన్నీ మంచివే. దుడ్డు పెట్టడానికి ఇవి చాలుతాయా అన్నదే ప్రశ్న.

హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ సంగతి ఇక్కడ పనికొస్తుంది. 1993లో దాన్ని పెట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, జీవశాస్త్రం ఆయన చదువు కాదు. హెపటైటిస్-బి టీకాను ఇక్కడే చేస్తానంటే బ్యాంకులు ముందుకు రాలేదు. వాటిని తప్పుపట్టలేం, చూపించడానికి సరుకే లేదు కదా. చివరికి ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ మనిషిని నమ్మి సగం వాటాకు పెట్టుబడి పెట్టారు. ఆ దుడ్డుతో ఏం జరిగిందో చూడండి. పని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీలో, తెలిసిన శాస్త్రజ్ఞుల చేతుల్లో నడిచింది. టీకా 1997 ఆగస్టులో గాని బజారుకు రాలేదు. అంటే నాలుగేళ్లు అమ్మకమే లేదు. వచ్చాక మాత్రం విదేశీ టీకా ధరలో చిన్న వంతుకే దొరికింది. 2009లో ఫ్రాన్సు కంపెనీ సనోఫీ దీన్ని కొన్నప్పుడు కట్టిన విలువ 55 కోట్ల యూరోలు.

కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. మరుసటి ఏడాదే, 2010లో, ఆ కంపెనీ ఐదు జబ్బుల టీకా షాన్-5 సీసాల్లో తెల్లటి మడ్డి కనబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన ఆమోద జాబితానుంచి తీసేసింది, యూనిసెఫ్ పెద్ద ఆర్డరు చేజారింది. అంత పెద్ద యజమాని వెనక ఉన్నా అంతే. మందుల వ్యాపారంలో ఒక్క అనుమతి పోతే కంపెనీ విలువే మారిపోతుంది. చిన్న కంపెనీకైతే రెండో సరుకు కూడా ఉండదు.

రక్తపరీక్ష మిషను అనగానే అమెరికా థెరానోస్ గుర్తుకు రాక మానదు. బోర్డులో మాజీ విదేశాంగ మంత్రులు కూర్చున్నారు, పరీక్షలు మాత్రం చెప్పినట్టు పనిచేయలేదు. దాన్ని నడిపిన ఎలిజబెత్ హోమ్స్‌ను 2022లో కోర్టు దోషిగా తేల్చింది. పెద్ద పేర్లు చూసి నమ్మినవాళ్లలో కోటీశ్వరులూ ఉన్నారు.

కాబట్టి ముందు లైసెన్సు అడగాలి. 2017 వైద్య పరికరాల నిబంధనల ప్రకారం, ప్రమాదం తక్కువున్న ఏ, బీ తరగతుల తయారీకి రాష్ట్ర అధికారులు, సీ, డీ తరగతులకు కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్సు ఇస్తాయి. "పేటెంటుకు అప్లై చేశాం" అంటే లైసెన్సు వచ్చినట్టు కాదు. ఇప్పుడున్న దుడ్డు ఎన్ని నెలలకు సరిపోతుందో, ఏ పరీక్ష విఫలమైందో కూడా అడగండి. విఫలమైనదాన్ని దాచకుండా చెప్పే యజమానిని మేము ఎక్కువ నమ్ముతాం. "అన్నీ బాగున్నాయి" అనేవాడితోనే జాగ్రత్త.

ఇంకొకటి, ఇది చాలా ఇళ్లలో తెలియదు. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షను ప్రకారం ఇలాంటి షేర్లకు ప్రకటనలు ఇవ్వకూడదు, నగదు తీసుకోకూడదు. పేరుపేరునా ఆఫర్ పత్రం రావాలి, సొమ్ము మీ బ్యాంకు ఖాతానుంచే పోవాలి, 60 రోజుల్లో షేర్లు ఇవ్వకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగివ్వాలి. కల్యాణ మంటపంలో మైకు పట్టుకుని షేర్లు అమ్మితే అక్కడే లేచి రావచ్చు. షేర్లు చేతికొచ్చినా ప్రైవేటు కంపెనీవి కాబట్టి అవసరానికి అమ్ముకోవడం కష్టం. కూతురి పెళ్లికి దాచినది ఇందులో పెట్టవద్దు.

పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి, మన పెద్దలకు అది అడ్డంకే. ఇంట్లో చదువుకున్న పిల్లలచేత కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఆ కంపెనీ పేరు వెతికించండి. చిన్న ఫీజు కడితే లెక్కలు, డైరెక్టర్ల వివరాలు ఎవరైనా చూడవచ్చు. వాటిని హొసూరులోనో కృష్ణగిరిలోనో ఉన్న ఆడిటరుకు చూపించి, ఆ తర్వాతే అబ్బాయికి జవాబు చెప్పండి.