సరుకు ఎక్కడ చవక?

పిల్లలూ, ఇంట్లో పప్పో ఉప్పో అయిపోతే మీ అమ్మ ఏం చేస్తుంది? పూర్వమైతే మీ చేతికి సంచీ ఇచ్చి అంగడికి పొమ్మనేది. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఫోను తీసి నాలుగుసార్లు వేలితో తాకితే చాలు, సరుకు గుమ్మంలోకి వస్తుంది. పైగా అంగడిలోకన్న ఫోనులో చవక అని కూడా అంటారు. అది నిజమేనా? ఎవరో చెప్పారని నమ్మనక్కరలేదు. కూడికలూ తీసివేతలూ వచ్చినవాళ్ళు ఎవరైనా తేల్చుకోవచ్చు.

ముందు ఒక వింత చూడండి. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళే సరుకుకు ఎక్కువ ధర ఇచ్చుకుంటారు! ఎలాగంటారా? ఏనాటి కూలి ఆనాడు తెచ్చుకునేవారు నెలకు సరిపడే సరుకు ఒక్కసారిగా కొనలేరు గదా! నూరు గ్రాముల కందిబేడల పొట్లం 18 రూపాయలనుకుందాం. అదే అంగడిలో కిలో 160 రూపాయలు. పది పొట్లాలు పదిసార్లు కొన్నవారికి కిలో 180 రూపాయలు పడుతుంది. అంటే 20 రూపాయలు నష్టం. అలా అని అంగడివాడు మోసగాడని అనడానికి లేదు. పొట్లాలు కట్టడానికి సంచులూ, మనిషీ కావాలి. అప్పు పెడితే ఆ డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆ ఖర్చంతా ధరలో చేరుతుంది.

మరి ఈ నష్టం తప్పించుకునే దారి లేదా? ఉన్నది. అది తెలియాలంటే ఓర్వకల్లు సంగతి వినాలి.

కర్నూలునుంచి నంద్యాలకు పోయే దోవలో ఓర్వకల్లు ఉన్నది. చుట్టూ రాతిగుట్టలు. వానలు తక్కువ. ఇప్పుడు అక్కడ విమానాశ్రయం కూడా ఉన్నది. అది 2021లో వచ్చింది. అంతకు చాలా ముందే, 1990ల నడుమ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో సాగిన ఒక పథకం కింద అక్కడి ఆడవాళ్ళు పొదుపు సంఘాలుగా చేరారు. పొదుపులక్ష్మి సంఘం అంటే ఆ రోజుల్లో రోజుకొక రూపాయి దాచుకోవటం. ఒక్క రూపాయితో ఏమవుతుంది? ఏమీ కాదు. కాని పదిమంది రూపాయలూ నెలల తరబడి ఒకచోట చేరితే, అందులో ఒకరికి కష్టం వచ్చినప్పుడు అప్పు ఇవ్వటానికి పనికివస్తాయి. వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కే పని తగ్గుతుంది. ఊరి సంఘాలు చేరి మండలానికంతా ఒక ఐక్య సంఘం ఏర్పరచుకున్నాయి.

డబ్బు విషయంలో పనిచేసిన ఉపాయం సరుకు విషయంలో పనిచేయదా? చేస్తుంది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు అనే పథకం మొదలయింది. దానికింద అనేక గ్రామాల మహిళా సంఘాలు బియ్యం కలిసి కొనటం నేర్చుకున్నాయి. చౌకదుకాణంలో ఇచ్చే బియ్యం నెలంతా చాలని ఇళ్ళుంటాయి గదా! ఏ ఇంటికి ఇంకా ఎన్ని కిలోలు కావాలో ముందే రాసుకునేవారు. ఒక్కొక్క ఇంటిది కిలోల లెక్క. అన్నీ కూడితే బస్తాల లెక్క! అప్పుడు టోకు ధరకు బేరమాడి కొని, తూచి, ఇంటింటికీ పంచేవారు. సభ్యులు ఆ డబ్బు వాయిదాలమీద తీర్చేవారు. అంటే, పేదవారు చిన్న పొట్లంవాళ్ళుగా మిగలక, పెద్ద బస్తావాళ్ళయారన్నమాట.

ఇలాటిదే ఇంగ్లండులో చాలా ఏళ్ళ కిందట జరిగింది. రోచ్‌డేల్ అనే ఊళ్ళో 28 మంది నేతపనివారూ, ఇతర పనివారూ తలా ఒక పౌను వేసుకుని, 1844 డిసెంబరు 21న ఒక చిన్న అంగడి తెరిచారు. అందులో పిండి, వెన్న, చక్కెరలాంటి కొద్ది సరుకులే ఉండేవి. కల్తీ లేని సరుకు, సరి అయిన తూకం—ఇవి వారి నియమాలు. లాభం వస్తే, ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి వారికే పంచేవారు.

ఇక ఫోను సంగతికి వద్దాం. ఫోనులో సరుకులమ్మే కంపెనీ చేసేది కూడా కూడికే. వేలకొద్దీ ఇళ్ళకు కావలసింది కలిపి టోకుగా కొంటుంది. అందుకే ధర తగ్గించగలదు. కాని ఆ మిగులులో మీకెంత ఇవ్వాలో నిర్ణయించేది కంపెనీయే. పైగా సరుకు మీ ఇంటికి తెచ్చే మనిషికీ, బండికీ ఖర్చు ఉన్నది.

లెక్క వేద్దాం. ఫోనులో కందిబేడలు కిలో 148 రూపాయలనుకోండి. అంగడిలో 160 గదా, 12 రూపాయలు మిగిలాయని సంతోషిస్తాం. ఇంటికి చేర్చినందుకు 30, సర్దినందుకు 5 కలిపితే 183 అవుతుంది! మిగలటం పోయి 23 రూపాయలు నష్టం. అదే వీధిలో పది ఇళ్ళవాళ్ళు కలిసి పది కిలోలు ఒకేసారి తెప్పిస్తే? సరుకుకు 1480, చేర్చినందుకు మునుపటిలాగే 35 అనుకుంటే, మొత్తం 1515. కిలోకు 151 రూపాయల 50 పైసలు. అంగడికన్న కిలోకు ఎనిమిదిన్నర రూపాయలు లాభం. చూశారా? ఫోను అదే, బేడలు అవే; కొనే తీరు మారేసరికి నష్టం లాభమయింది.

ఇంకా కొన్ని మెళకువలున్నాయి. "మరో 60 రూపాయల సరుకు కొంటే చేర్చే ఖర్చు లేదు" అని ఫోను ఊరిస్తుంది. 30 రూపాయలు తప్పించుకోవటానికి అక్కరలేనిదానిమీద 60 పెడితే నష్టం ఎవరికి? పొట్లంమీద వేసిన ధర గరిష్ఠ ధర. అంతకు మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మవచ్చు. పొట్లం పెద్దదిగా కనిపించినా, బరువు ఎంతో చదవండి. కిలోకు గాని, గ్రాముకు గాని ఎంత పడుతుందో పొట్లంమీద వేయాలన్న నియమం ఉన్నది, దాన్నిబట్టి పోల్చండి. మనం కోరని వస్తువును బుట్టలో కలపటం, డబ్బు కట్టేవేళ కొత్త ఖర్చు బయటపెట్టటం లాంటి 13 రకాల మాయలను మన ప్రభుత్వం 2023లో నిషేధించింది. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు.

అంగడికి పోవాలంటే ఒక పూట కూలి పోతుందనుకోండి, ఆ కూలి కూడా లెక్కలో చేరాలి. నడవలేని ముసలివారున్న ఇంట్లో ఆ 35 రూపాయలు దండగ కాదు. అంగడివాడు బేడలు చేతిలో పోసి చూపిస్తాడు. కష్టకాలంలో చీటీ రాసుకుని సరుకిస్తాడు. వాటికీ విలువ ఉన్నది.

ఈ నెల మీ ఇంటి సరుకుల చీటీ మీరు రాయండి. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి: అంగడి ధర, ఫోను ధర, పక్కింటివాళ్ళతో కలిసి కొంటే పడే ధర. దారి ఖర్చులు మరవకండి. నెలాఖరున కూడి, మీ అమ్మకూ నాన్నకూ చూపించండి. ఏ సరుకు ఎక్కడ కొనాలో ఆ నోటుపుస్తకమే చెబుతుంది.