గాలి మోసిన రెండు వేల కిలోమీటర్లు

2016 అక్టోబరు 16, ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటల వేళ ఢిల్లీ నుంచి ఎయిరిండియా బోయింగ్ 777 ఒకటి బయలుదేరింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేసరికి అక్కడ అదే ఆదివారం, ఉదయం ఆరున్నర. గడియారాలను నమ్మితే రెండున్నర గంటల్లో అమెరికా! అది దినరేఖ చేసిన గారడీ. లోపల కూర్చున్నవాళ్లు గాల్లో గడిపింది పద్నాలుగున్నర గంటలు.

అయినా అసలు విశేషం దారిలో ఉంది. అంతవరకు అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరిన ఆ సర్వీసు, ఈసారి పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు ఎగిరి, అంతకంటే ముందే చేరింది.

నిజానికి రెండూ దగ్గరి దారులు కావు. పిల్లల గ్లోబు మీద ఢిల్లీ దగ్గర దారం కొసను వేలితో నొక్కిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగితే, ఆ దారం హిమాలయాలు, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా అలాస్కాలో దిగి వస్తుంది. పొడవు దాదాపు 12,400 కిలోమీటర్లు. ఫోనులో వెతికితే కనిపించే ‘విమాన దూరం’ ఈ దారం పొడవే. విమానం మాత్రం దారం వెంట పోదు. క్యాబిన్‌లో పీడనం పడిపోతే అది వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేలే అంతకంటే ఎత్తు!

ఇక గాలి సంగతి. రాజమహేంద్రవరం వైపు నుంచి పాపికొండలకు వెళ్లే లాంచీ ఏటికి ఎదురెక్కుతుంది, తిరుగు ప్రయాణంలో ప్రవాహమే దాన్ని తోస్తుంది. ఇంజను అదే, వేగం వేరు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున కూడా పడమర నుంచి తూర్పుకు అలాంటి ఏరు ఒకటి పారుతుంటుంది. పేరు జెట్ స్ట్రీమ్. ఉష్ణమండలానికీ ధ్రువాలకూ మధ్య వేడిలో ఉన్న తేడా, భూభ్రమణం కలిసి దాన్ని పుట్టిస్తాయి. చలికాలంలో దాని ఉరవడి ఎక్కువ. జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరేసి దీన్ని పట్టుకున్నాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో ఎస్పరాంటో భాషలో రాశాడు, పాపం. పెద్దగా ఎవరూ చదవలేదు.

పసిఫిక్ దారిలో ఆ ఏరు విమానాన్ని వెనకనుంచి తోసింది. గాలితో పోలిస్తే విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుంటే, పద్నాలుగున్నర గంటల్లో సొంతంగా వెళ్లేది 13,050. మిగతా రెండు వేల పైచిలుకు గాలి మోసినదే. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలులు తోడై ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. తిరుగు దిశలో మామూలుగా ఏడు గంటలు దాటుతుంది.

రానూపోనూ సరిపోతుందిలే అనిపిస్తుంది కానీ, సరిపోదు. 5,400 కిలోమీటర్ల దారిలో గాలి లేకపోతే పోవడానికి ఆరు గంటలు, రావడానికి ఆరు. గంటకు 150 కిలోమీటర్ల గాలి వీస్తే ఒకవైపు 5 గంటల 9 నిమిషాలు, రెండోవైపు 7 గంటల 12 నిమిషాలు. మొత్తం మీద 21 నిమిషాలు నష్టం. ఎదురుగాలిలో వేగం తగ్గుతుంది కాబట్టి ఆ గాలిలో గడిపే సమయమే ఎక్కువ మరి.