ఇసుకతీరాలు దాటి చూడవలసిన ట్యునీషియా

భూమిలో సంచరించి పూర్వజాతుల గతి ఏమైందో చూడమని దివ్య ఖుర్‌ఆన్ పలుచోట్ల ఉపదేశించింది. మన ఇళ్ళలో మాత్రం విదేశయానమంటే హజ్, ఉమ్రా, లేదంటే ఉద్యోగం కోసం గల్ఫ్. నాలుగు డబ్బులు కూడబెట్టి, కేవలం చూసి రావడానికి వెళ్ళదగిన ముస్లిం దేశం ఏదని పాఠకులు అడిగితే మేము ముందుగా ట్యునీషియా పేరు చెబుతాం. ఉత్తర ఆఫ్రికాలోని ఈ చిన్న దేశం విస్తీర్ణంలో ఇంచుమించు నేటి ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది. ఉత్తరాన, తూర్పున మధ్యధరా సముద్రం, దక్షిణాన సహారా ఎడారి.

ఐరోపా వాళ్ళు ఏటా లక్షల సంఖ్యలో అక్కడికి వెళతారు. అయితే చాలామంది చూసేది సముద్రాన్ని, హోటలు గదిని మాత్రమే. 2015 జూన్‌లో సూస్ తీరంలో ఒక సాయుధుడు 38 మంది అతిథులను కాల్చి చంపాడు. అతిథి ప్రాణం తీయడం ఏ ధర్మం? ఆ రోజు హోటలు ఉద్యోగులైన స్థానిక ముస్లింలే పర్యాటకులకు అడ్డంగా నిలబడ్డారన్న సంగతి కూడా మనం మరువరాదు.

తీరం విడిచి లోపలికి వెళితే ఖైరవాన్ నగరం వస్తుంది. క్రీ.శ. 670లో సేనాని ఉఖ్బా బిన్ నాఫె (రహ్మ) ఇక్కడ మస్జిదుకు పునాది వేశారు. నేడు మనం చూసే కట్టడం చాలావరకు 9వ శతాబ్దపు అగ్లబీ పాలకులది. అందులోని నాలుగు వందలకు పైగా స్తంభాలలో ఎక్కువ భాగం శిథిలమైన రోమన్, బైజాంటియన్ భవనాల నుంచి తెచ్చినవే. అందుకే ఒకదాని తల మరొకదాని తలలా ఉండదు. 9వ శతాబ్దంలో టేకుతో చేసిన మింబర్ ఇప్పటికీ నిలిచి ఉంది. ప్రపంచంలో మిగిలిన మింబర్లలో ఇదే అతి ప్రాచీనమైనదంటారు. ఆ టేకు భారతదేశం నుంచి వెళ్ళిందని చరిత్రకారుల మాట.

మా దృష్టిలో అన్నిటికంటే చూడవలసింది మస్జిదు ఆవరణ. వానలు తక్కువైన ఊరు కాబట్టి నేలను మధ్యకు వాలుగా పరిచారు. చలువరాతిలో మెట్లుమెట్లుగా చెక్కిన తూము దగ్గర మట్టి ఆగిపోయి, తేటనీరు కింది తొట్టిలోకి దిగుతుంది. వుజూ నీటి కోసం తోడుకున్న బావుల అంచు రాళ్ళపై తాళ్ళు ఒరుసుకున్న గాళ్ళు లోతుగా కనిపిస్తాయి. ఎన్ని తరాల చేతులో! ముస్లిమేతర యాత్రికులకు ఈ ఆవరణ వరకే అనుమతి. మనవాళ్ళు లోపల నమాజు చేసుకోవచ్చు. మొరాకోలోని ఫెస్ నగరంలో ఖరవియ్యీన్ విద్యాపీఠానికి పునాది వేసిన ఫాతిమా ఫిహ్రీ కుటుంబం ఈ ఖైరవాన్ నుంచే వలస వెళ్ళిందని చెబుతారు. ఈ విషయం మన ఆడపిల్లలకు చెప్పవలసినది. బజారులో ఖర్జూరం కూరిన రవ్వమిఠాయి ‘మఖ్రూద్’ తప్పక రుచి చూడాలి.

రాజధాని ట్యూనిస్ పాతబస్తీకి నడుమ జైతూనా మస్జిదు ఉంది. 1332లో ఈ నగరంలోనే ఇబ్నె ఖల్దూన్ జన్మించారు. మస్జిదును ఆనుకొని అత్తరు దుకాణాలు, కొంచెం దూరంలో ‘షాషియా’ అనే ఎర్రటోపీలు చేసేవారి వీధి ఉన్నాయి. స్త్రీలు తెల్ల ఉన్నితో తలకు రెండింతలుండే టోపీ అల్లుతారు. దాన్ని మరిగించి కుదించి, దువ్వి, ఎర్రరంగు వేస్తారు. మన హైదరాబాదు రూమీ టోపీలా బిగుసుకొని నిలబడదు, మెత్తగా ఉంటుంది.

ఈ పని తెచ్చినవారు కాందిశీకులు. 1492లో గ్రనడా పతనమైంది. ఆ తర్వాత స్పెయిన్ ముస్లింలను బలవంతంగా మతం మార్చారు. అదీ చాలక 1609లో దేశం నుంచే తరిమేశారు. కట్టుబట్టలతో ఓడలు దిగిన వేలాది మందికి ట్యూనిస్ పాలకుడు ఉస్మాన్ దే ఆశ్రయమిచ్చాడు, సాగుకు భూములిచ్చాడు. వారు మజర్దా నదీలోయలో కట్టుకున్న ఊరే తస్తూర్. ట్యూనిస్‌కు పడమట రెండు గంటల ప్రయాణంలోపే. పెంకుటిళ్ళు, ఊరి నడుమ చౌకు, దానిమ్మ తోటలు, అన్నీ వదిలివచ్చిన అండలూసియాను గుర్తుచేస్తాయి. మస్జిదు మీనారుపై ఒక గడియారం ఉంది. అంకెలు తిరగవేసి ఉంటాయి, ముళ్ళు ఎడమవైపు తిరుగుతాయి. అరబ్బీ లిపి కుడినుంచి సాగుతుంది కాబట్టి అలా పెట్టారని కొందరంటారు. పోగొట్టుకున్న కాలం వెనక్కు రావాలన్న కోరికని మరికొందరు. చాలాకాలం ఆగిపోయిన ఈ గడియారం 2014లో మళ్ళీ నడిచింది.

మళ్ళీ తీరానికి వస్తే, దారిలో అల్ జమ్ వద్ద సుమారు 35 వేల మంది కూర్చోగల రోమన్ల క్రీడారంగం ఉంది. మనుషులనూ మృగాలనూ చంపి వినోదించిన చోటు అది. ఒక గంట చాలు. మునస్తీర్, సూస్ పట్టణాల్లోని ‘రిబాత్’ కోటలకు మాత్రం తీరిక ఉంచుకోవాలి. సముద్రం మీదుగా వచ్చే శత్రువును కాచుకుంటూ, మిగతా వేళ ఆరాధనలో గడిపినవారి చిన్నచిన్న గదులు అక్కడ ఉన్నాయి.

దక్షిణాన జెర్బా దీవిలో నదులు లేవు. అక్కడి తెల్లసున్నం మస్జిదులు కొన్ని నేలలోకి తవ్వినవి. మెట్లు దిగి వెళ్ళాలి. ఆ దీవిలోనే యూదుల ప్రాచీన ప్రార్థనాలయం ‘గరీబా’ ఉంది, యూదులు నేటికీ అక్కడ కాపురముంటున్నారు. 2023లో యునెస్కో జెర్బాను ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

ఊరి నుంచి ఊరికి ‘లువాజ్’ అనే బండ్లున్నాయి. మన పల్లెల జీపుల్లాగే సీట్లు నిండితేగాని కదలవు. అరబ్బీ, ఫ్రెంచి రెండూ చెల్లుతాయి. దక్షిణాదికి ఎండాకాలంలో పిల్లలతో వెళ్ళకపోవడం మంచిది.